ఏకబిగిని చూడదగిన కథలు

ఒక కథను ఏకబిగిని చదివితిమని చెప్పుటకన్న మించిన మెప్పు మన భాషలో లేదు. అన్నమునకు పిలిచినను లేవక, నిద్ర ముంచుకొని వచ్చినను మానక, చివరి పుట వరకు పోవుట అని దాని అర్థము. ఇట్టి చదువు కొరకు తెలుగు ఇండ్లలో ఒక ఏర్పాటు ఉండెడిది. వారపత్రికలో వచ్చు నవల పుటలను వారము వారము జాగ్రత్తగా చింపి, పెట్టె అడుగున దాచి, కథ ముగిసిన పిదప బైండు చేయించి పుస్తకముగా ఉంచుకొనెడివారు. యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' ఆంధ్రభూమి వారపత్రికలో వెలువడిన కాలమున ఇట్టి బైండు పుస్తకములు వీధిలో నాలుగు ఇండ్లు తిరిగి, అట్ట ఊడి, మరల సొంత ఇల్లు చేరెడివి. వారము వారము చదివినవారే ఆ పుస్తకమును మొదటి నుండి మరల ఒక్క రాత్రిలో చదివెడివారు. కథ ఏమగునో తెలిసికొనుటకు కాదు. అది వారికి తెలిసినదే. నడుమ ఏడేసి దినముల ఎడము లేక చదివినచో ఆ కథయే వేరుగా తోచునని వారు ఎరుగుదురు.

ఈనాడు అదే పనిని టెలివిజను ధారావాహికల విషయమున ఇంటింట చేయుచున్నారు. ఇంగ్లీషున దీనిని బింజ్ వాచింగ్ అందురు. 2015 లో కాలిన్స్ నిఘంటువువారు ఆ మాటను ఆ సంవత్సరపు మాటగా ఎన్నుకొనినారు. బింజ్ అనగా మితిమీరి తినుట, త్రాగుట. ఆ పేరులోనే ఏదియో తప్పు చేయుచున్నామను బెరుకు ఉన్నది. మన 'ఏకబిగి'లో ఆ బెరుకు లేదు. బిగి ఉండవలసినది కథలో గాని చూచువాని పట్టుదలలో కాదు. ఏ కథలలో ఆ బిగి ఉన్నదో, వానిలో ఇంటిల్లిపాది కూర్చుండి చూచుటకు ఏవి తగునో చెప్పుట మా ఉద్దేశము.

మేము ఉండుట బోడుప్పల్‌లో. ఉప్పల్ కూడలి దాటి వరంగల్ మార్గమున పోవువారికి తగులు ఊరు ఇది. నల్లగొండ, జనగామ, వరంగల్ ప్రాంతముల నుండి వచ్చి ఇల్లు కట్టుకొనిన కుటుంబములు ఇచ్చట మెండు. ప్రొద్దుననే ఇల్లు విడిచి ఉప్పల్‌లో మెట్రో ఎక్కి రాయదుర్గము వైపు పోవువారును, నాచారము కర్మాగారములలో పనిచేయువారును, రాత్రి ఎనిమిది తొమ్మిది గంటలకు గాని ఇంట కుదుటపడరు. 2018 లో శంకుస్థాపన జరిగిన ఉప్పల్ - నారపల్లి ఎత్తు వంతెన పని ఏండ్ల తరబడి సాగుటచే, ఆ దారి దుమ్ములో, ఆగి ఆగి కదలు బస్సులలో ఎన్ని సాయంకాలములు కరిగిపోయినవో లెక్క లేదు. అట్లు పోగా మిగిలినవి రెండు గంటలు. ఆ రెండు గంటలలో తండ్రి చేతి ఫోనులో ఒక కథ, కుమార్తె చేతి ఫోనులో మరియొక కథ, ముందుగదిలోని టెలివిజనులో నాయనమ్మ చూచు వేరొక కథ. అందరును కథలే చూచుచున్నారు. కాని చూచిన కథను గూర్చి మరునాడు మాటలాడుకొనుటకు ఇంట ఇద్దరు లేరు. మేము చెప్పునది ఈ రెండు గంటలను గూర్చియే.

ఒకనాడు ఇట్లు లేదు. ఉప్పల్ నుండి అంబర్‌పేట వైపు పోవు దారిలో రామంతపూర్‌లో దూరదర్శన్ కేంద్రము ఉన్నది. హైదరాబాదు దూరదర్శన్ 1977 లో ఆరంభమైనది. తెలుగు ప్రసారములకు సప్తగిరి యని పేరుండెడిది. 2014 లో రాష్ట్రము విడిన పిదప ఆ పేరు విజయవాడకు పోగా ఇచ్చటి ప్రసారములకు యాదగిరి యను పేరు వచ్చినది. మా వరంగల్ మార్గముననే తిన్నగా పోయి, భువనగిరి దాటినచో ఆ యాదగిరి వచ్చును. పేరు మన దారిలోనిదే అయినందుకు మాకు కొంత సంతోషము కలదు. వీధికి ఒకటి రెండు టెలివిజన్లు మాత్రమే ఉన్న ఆ కాలమున కథను ఒంటరిగా చూచుట అను మాటకు అర్థమే లేదు. గడపలో చెప్పులు కుప్పపడిన ఇంటిలో టెలివిజను ఉన్నదని గుర్తు.

ఆనాటి ధారావాహికలలో ఒక లెక్క ఉన్నది. దానిని గమనించినచో నేటి ఎంపికకు కూడ దారి దొరకును. వారమునకు ఒక భాగము చొప్పున 13 వారములు ప్రసారము చేయుట అప్పటి పద్ధతి. ఏడాదికి 52 వారములు. దానిని నాలుగు త్రైమాసికములుగా పంచినచో ఒక్కొక్క పాలు 13. ఈ కొలత టెలివిజనుకన్న ముందే పాశ్చాత్య దేశముల రేడియోలలో ఉండెడిది. కథను మెచ్చినచో మరియొక 13 వారములు ఇచ్చెడివారు. ఆర్.కె. నారాయణ్ కథలను శంకర్ నాగ్ 'మాల్గుడి డేస్' పేర తీసినప్పుడు అవి 39 భాగములైనవి. అనగా మూడు పదమూళ్ళు. రామానంద సాగర్ 'రామాయణ్'కు మొదట అనుమతి లభించినది 52 భాగములకు. ఆదివారము ఉదయము దేశమంతయు టెలివిజను ముందు కూర్చుండుటచే అది పెరిగి పెరిగి 1988 లో 78 భాగములతో ముగిసినది, ఆరు పదమూళ్ళు. పిమ్మట పాతికేండ్లకు, 2013 ఫిబ్రవరి 1 న, అమెరికాలో నెట్‌ఫ్లిక్స్‌వారు 'హౌస్ ఆఫ్ కార్డ్స్' అను ధారావాహికను వారము వారము కాక ఒక్క దినముననే పూర్తిగా జనులకు విడిచిపెట్టినారు. ఏకబిగిని చూచు నేటి అలవాటునకు ఊపు తెచ్చిన ఆ విడుదలలోని భాగములెన్ని? పదమూడే. గంపగుత్తగా ఇచ్చినవారు కూడ పాత కుంచముతోనే కొలిచినారు.

ఈ లెక్క వలన కథకునికి ఒక మేలు జరిగెడిది. తన కథ ఎచ్చట ముగియవలెనో వానికి మొదటనే తెలియును. పదమూడవ వారమున ఏమి చెప్పవలెనో తెలిసినవాడు మూడవ వారమున వ్యర్థప్రసంగము చేయడు. ముగింపు తెలిసి అల్లిన కథను మాత్రమే ఏకబిగిని చూడదగును. మేము ఏరిన కథలన్నింటికిని ఇదియే మొదటి గీటురాయి.

దినసరి సీరియళ్ళ కట్టడము దీనికి పూర్తిగా విరుద్ధము. వానిని నిందించుట మా ఉద్దేశము కాదు. ఈటీవీలో 2008 లో ఆరంభమైన 'అభిషేకం' 2022 వరకు సుమారు 4000 భాగములు నడచినది. ఒక్కొక్క భాగము 20 నిమిషములని అనుకొనినను, రేయింబవళ్ళు కన్ను మూయక చూచినచో 55 దినములు పట్టును. అది ఏకబిగిని చూచుటకు పుట్టినది కాదు. ప్రతి సాయంకాలము అదే వేళకు వచ్చి పలుకరించి పోవు పొరుగింటావిడ వంటిది అది. నాలుగు దినములు చూడకున్నను కథ చేయి జారిపోదు; జారకుండునట్లే దానిని వ్రాయుదురు. ఒంటరిగా ఇంటనుండు పెద్దలకు ఆ పలుకరింపు విలువ ఎంతయో మేము ఎరుగుదుము. కనుక నాయనమ్మ చేతి రిమోటును లాగికొని మంచి కథలు చూపింతుమనువారి పక్షమున మేము లేము. ఆమె సీరియలు అరగంటలో ముగియును. అటుపిమ్మట ఆమె కూడ మనతో కూర్చుండునట్టి కథను వెదకుడు.

రెండవ గీటురాయి రేడియోవారికి తగినది. కొత్త ధారావాహికను మొదలుపెట్టినప్పుడు అయిదు నిమిషములు కన్నులు మూసికొని వినుడు. ఎవరు మాటలాడుచున్నారో, ఎవరికి ఎవరిపై కోపమో, ఆ ఇంటిలో అధికారము ఎవరిదో మాటల వలననే తెలిసినచో ఆ రచన గట్టిదని నమ్మవచ్చును. డప్పులు, ఉరుములు, ఉలికిపాటు సంగీతము మాత్రమే వినిపించినచో, తెరపై ఎంత వెలుగున్నను లోపల సరకు తక్కువ. ఇది కేవలము మా చాదస్తము కాదు. మన ఇండ్లలో కథను సగము చెవులతోనే చూచు మనిషి ఒకరు కలరు. రొట్టెలు కాల్చుచు, మరునాటి టిఫిను డబ్బాలకు కూర తరుగుచు, వంటింటి నుండియే "ఏమైనది? ఎవరు వచ్చినారు?" అని అడుగు ఇల్లాలు ఆమె. ఇంటిల్లిపాది చూచిన కథ అని మనము చెప్పుకొనునవి చాలవరకు ఆమె విన్న కథలు. ఆమెకు వంటింటిలో అర్థమగు కథను ఎన్నుకొనుట ఒక పద్ధతి. పనిలో అందరును చేయి వేసి ఆమెను కూర్చుండబెట్టి మొదలుపెట్టుట అంతకన్న మంచి పద్ధతి. రెండవది మన ఇండ్లలో ఇంకను అరుదు.

ఈ చెవి పరీక్షలో పూర్తి మార్కులు పొందునది 'అమృతం'. 2001 నవంబరు నుండి 2007 నవంబరు వరకు జెమిని టీవీలో వచ్చిన ఈ హాస్య ధారావాహిక 313 భాగములు. దీని రూపకర్త గుణ్ణం గంగరాజు. అమృతరావు, ఆంజనేయులు అను ఇద్దరు మిత్రులు హైదరాబాదులో నడుపు 'అమృత విలాస్' అను చిన్న హోటలు, ఇంటి యజమాని అప్పాజీ, పనివాడు సర్వం, మిత్రుల భార్యలిద్దరు - ఇంతే సరంజామా. అమృతరావునకు ధనవంతుడగుటకు ఒక అడ్డదారి తోచును. అది బెడిసికొట్టునని ఆంజనేయులునకు తెలియును. తెలిసియు వెంట నడచును. చివరకు ఇద్దరును మునుగుదురు. ఆంజనేయులుగా గుండు హనుమంతరావు మాట విరిచి పలుకు తీరు, చెప్పదలచినది మ్రింగి నిట్టూర్చు తీరు చెవికే విందు. ఆయన 2018 లో కాలము చేసినారు. అమృతరావు పాత్రను మొదట శివాజీ రాజా, పిమ్మట నరేష్, ఆ పిమ్మట హర్షవర్ధన్ ధరించినారు. కథానాయకుని ముఖము రెండు మార్లు మారినను జనులు విడువని ధారావాహిక ఇది. పాత్రను నిలిపినది ముఖము కాదు, మాట.

313 భాగములున్న కథను ఏకబిగికి ఎట్లు సూచింతురని మీరు అడుగవచ్చును. నిజమే, మొదటి గీటురాయికి ఇది లొంగదు. అయినను దీనికే మేము మొదటి పీట వేయుచున్నాము. ఇందులో చాలవరకు ఏ భాగమునకు ఆ భాగమే పూర్తి. రాత్రి తొమ్మిదింటికి వచ్చిన తండ్రి చెప్పులు విడిచి, కాళ్ళు కడిగికొని వచ్చి కూర్చుండినను ముందు కథ చెప్పుమని ఎవరిని అడుగనక్కరలేదు. రాత్రికి రెండు భాగములు చూచి లేచినచో నిద్రకు లోటు రాదు. ఇంచుమించు అయిదు మాసములు ఇంట నవ్వునకు లోటు రాదు. యూట్యూబులో ఈ భాగములు దొరకును గనుక చందా కట్టవలసిన పని కూడ లేదు. 2020 ఉగాదికి 'అమృతం ద్వితీయం' పేర కొత్త భాగములు జీ5 లో వచ్చినవి. వానిని చూచుటకు తొందర అక్కరలేదు.

ఏకబిగి యను మాటకు నిజముగా తగిన తెలుగు కథ '90స్ - ఎ మిడిల్ క్లాస్ బయోపిక్'. ఆదిత్య హాసన్ వ్రాసి తీసిన ఈ కథ 2024 జనవరిలో ఈటీవీ విన్‌లో వెలువడినది. ఉన్నవి ఆరే భాగములు. గణితము చెప్పు ఉపాధ్యాయుడు చంద్రశేఖర్‌గా శివాజీ, ఆయన భార్యగా వాసుకి, వారి ముగ్గురు పిల్లలు, ఒక చిన్న ఇల్లు, నెల జీతము. దొంగలు లేరు, హత్యలు లేవు. పరీక్షలో మార్కులు, ఖర్చునకు ముందు వేయు లెక్క, తండ్రి వచ్చు అడుగుల చప్పుడునకు సర్దుకొను పిల్లలు - ఇవియే ఇందలి మలుపులు. ఆదివారము భోజనమైన పిదప మొదలుపెట్టినచో సాయంకాలము దీపములు పెట్టుసరికి ముగియును. ఇందులో మేము మెచ్చినది కథ చూచిన తరువాత జరుగు సంభాషణ. మీ ఇంట ఇట్లే ఉండెడిదా అని పిల్లలు అడుగుదురు. తల్లిదండ్రులు చెప్పుదురు. తాము దాచి ఉంచిన ప్రోగ్రెస్ కార్డుల సంగతి కూడ కొందరు చెప్పివేయుదురు. గతమంతయు తీయనిదే అను భావము కొంచెము పాలు ఎక్కువైనదని మాకు తోచినది. ఆ కాలమున ఫీజు కట్టలేక బడి మానిన పిల్లలును ఉండిరి గదా. కాని ఎంచుకొనిన ఇంటిని ఈ కథ నిజాయితీతో చూపినది.

మా బోడుప్పల్‌వారికి ప్రత్యేకముగా నచ్చదగినది 'సివరపల్లి'. ఈ ఊరు 2019 లో నగరపాలక సంస్థయైనది. అంతకు కొన్ని యేండ్ల ముందు వరకు ఇది గ్రామ పంచాయతియే. ఇంటి అనుమతికి, నల్లాకు, జనన ధ్రువపత్రమునకు పంచాయతి ఆఫీసు బల్ల ముందు నిలువబడినవారు మా వీధులలో ఇంకను అనేకులు. ఇష్టము లేకయే ఒక మారుమూల తెలంగాణ గ్రామమునకు పంచాయతి కార్యదర్శిగా వచ్చిన యువకుని కథ 'సివరపల్లి'. భాస్కర్ మౌర్య దర్శకుడు; కార్యదర్శిగా రాగ్ మయూర్ నటించినారు. 2025 జనవరిలో ప్రైమ్ వీడియోలో వచ్చినది; 8 భాగములు. 2020 లో హిందీలో వచ్చిన 'పంచాయత్'కు ఇది తెలుగు రూపము. మూలమును చూచినవారికి మలుపులన్నియు ముందే తెలియును; వారు ఆశతో కూర్చుండి నిరాశ చెందవచ్చును. చూడనివారు మాత్రము దీనితోనే ఆరంభించుట మేలు. సర్పంచి పదవి భార్యది, పెత్తనము భర్తది అను సంగతిని ఉపన్యాసము లేక నవ్వు మాటున చూపిన తీరు గమనింపదగినది. ఇందలి మాటల యాస పల్లె నుండి వచ్చిన మా పెద్దలకు ఇంటి మాట. టెలివిజనులో తమ మాట విదూషకునికి మాత్రమే దక్కుట చాలకాలము చూచినవారు వారు. ఇచ్చట ఆ మాట ఊరందరిది.

కాలచక్రమున చిక్కుకొనిన కథలను వారము వారము చూచుట వృథా. అట్టి కథకు ఏకబిగియే శరణ్యము. ఆహాలో 2021 లో వచ్చిన 'కుడి ఎడమైతే' ఆ జాతి కథ. కన్నడ దర్శకుడు పవన్ కుమార్ దీనిని తీసినారు, 8 భాగములు. ఒక పోలీసు అధికారిణికి, నటుడు కావలెనని కలలుగను ఒక డెలివరీ కుర్రవానికి ఒకే దినము మరల మరల వచ్చుచుండును. అమలా పాల్, రాహుల్ విజయ్ ఆ పాత్రలు ధరించినారు. నిన్న చూచిన దినమునకును ఈనాడు చూచు దినమునకును ఎచ్చట తేడా వచ్చినదో కనిపెట్టుటలోనే రుచి ఉన్నది. ఒక వారము ఎడము వచ్చినచో ఆ తేడాలు మనస్సున నిలువవు. కనుక దీనిని రెండు రాత్రులలో ముగించుడు. హింస కొంత కలదు గనుక చిన్న పిల్లలు నిద్రించిన తరువాత చూడవలసినది. చెవి పరీక్షలో దీనికి తక్కువ మార్కులే వచ్చును. దీనికి కన్నులు కావలెను.

పెద్దలకు మాత్రమే తగినవి మరి రెండు మూడు చెప్పి ముందుకు పోయెదము. మల్లాది వెంకటకృష్ణమూర్తి నవల 'తొమ్మిది గంటలు' ఆధారముగా 2022 లో '9 అవర్స్' వచ్చినది. నవల చదివినవారు పోల్చి చూచుకొనవచ్చును. నవలయే బాగున్నదని కొందరు వాదింతురు, ఆ వాదము కూడ ఇంటికి మంచిదే. అదే ఏట వచ్చిన 'రెక్కీ' తాడిపత్రిలో జరుగు హత్యారాజకీయముల కథ. బిగి ఉన్నది, రక్తమును మెండు. హిందీలో 2019 నుండి పేరు పొందిన 'ద ఫ్యామిలీ మ్యాన్' రూపకర్తలు రాజ్ నిడిమోరు, కృష్ణ డి.కె. ఇరువురును మన తిరుపతి, చిత్తూరు ప్రాంతములవారు. గూఢచారి ఉద్యోగమునకును ఇంటి తగవులకును నడుమ నలుగు గృహస్థుని కథ అది. అందలి బూతు మాటల వలన ముందుగదిలో పెట్టదగినది కాదు.

ఇచ్చట ఒక మాట చెప్పవలెను. ఒక భాగము ముగియగానే కొన్ని క్షణములలో మరియొకటి తనంతట తాను మొదలగును. దానిని మనము కోరలేదు. కోరినట్లే యంత్రము భావించును. 2017 లో నెట్‌ఫ్లిక్స్ అధిపతి రీడ్ హేస్టింగ్స్ తమకు నిద్రయే పోటీదారు అను అర్థము వచ్చునట్లు పలికినారు. ఆ పోటీలో ఎవరు గెలుచుచున్నారో ఉదయమున ఉప్పల్ మెట్రో పెట్టెలో కునుకుపాట్లు పడువారిని చూచినచో తెలియును. ఫోనులోను, టెలివిజనులోను సెట్టింగులు తెరచి ఈ ఆటోప్లేను ఆపివేయవచ్చును. ఇంట కుర్రవారు క్షణములో చేసిపెట్టుదురు. అయినను మనస్సు ఆగదు. కారణమేమన, రచయితలు కొక్కెమును ప్రతి భాగము చివరనే తగిలింతురు. తలుపు తట్టిన చప్పుడు, ఎవరో చెప్పక ముగియుట. కనుక భాగము చివర ఆపుట కష్టము. మేము కనుగొనిన ఉపాయము ఇది: తరువాతి భాగములో అయిదారు నిమిషములు చూడుడు. తలుపు తట్టినది ఎవరో తెలియును, చిక్కు సడలును, అప్పుడు ఆపుడు. నడిమి భాగమున ఆపిన కథ నిద్రను అంతగా చెరుపదు.

నలుగురు ఒక కథను కలిసి మొదలుపెట్టినప్పుడు ఒకరు రాత్రి దొంగతనముగా ముందు భాగములు చూచివేయుట నేటి ఇండ్లలో ఒక కొత్త నేరము. మరునాడు వారు మలుపునకు ముందే పెదవి విరిచి దొరికిపోవుదురు. నలుగురును ఉన్నప్పుడే చూతుమను కట్టుబాటు పెట్టుకొనినచో కథ నాలుగు దినములు ఆలస్యమగును. ఆ ఆలస్యము వలన నష్టము లేదు. పనివేళలు మారుచుండువారు ఇంట ఉన్నచో వారమునకు ఒక రాత్రి దొరికినను చాలును. 13 వారముల నాటివారు అట్లే చూచినారు.

బడి పిల్లలున్న ఇండ్లకు వేసవిలో తగిన పెద్ద పని ఒకటి కలదు. శ్యామ్ బెనెగల్ తీసిన 'భారత్ ఏక్ ఖోజ్' 1988 - 89 లో దూరదర్శన్‌లో వచ్చినది, 53 భాగములు. బెనెగల్ మన తిరుమలగిరిలో 1934 లో పుట్టి, నిజాం కళాశాలలో చదివినవారు. బోడుప్పల్‌కు తూర్పున ఉన్న పోచంపల్లి నేతగాండ్ర బ్రతుకును 'సుస్మన్' అను చిత్రముగా తీసినవారును ఆయనయే. 2024 డిసెంబరులో పరమపదించినారు. జవాహర్‌లాల్ నెహ్రూ అహ్మద్‌నగర్ కోటలో బందీయై వ్రాసిన గ్రంథము ఈ ధారావాహికకు ఆధారము. నెహ్రూగా రోషన్ సేఠ్ మనతో మాటలాడుచుండ, సింధు నాగరికత మొదలుకొని స్వాతంత్ర్యము వరకు చరిత్ర నాటకముగా నడచును. ఓం పురి ఎన్ని వేషములు వేసినారో లెక్కించుట పిల్లలకు ఒక ఆట. నాటి సెట్టింగులు నేటి కన్నులకు వెలవెలబోవును. నాటక సమాజపు తెరల వలె ఉండును. మొదటి రెండు భాగములు పిల్లలు సణుగుదురు. మూడవ దానికి కుదురుకొందురు. దినమునకు ఒకటి చొప్పున చూచినచో వేసవి సెలవులు ఇంచుమించు సరిపోవును. మాటలు హిందీ. మా ప్రాంతమున హిందీ రాని ఇల్లు అరుదే గాని, రాని పెద్దలకు మనుమలు ప్రక్కన కూర్చుండి చెప్పవచ్చును. అట్లు చెప్పుటలో వారికి చరిత్ర రెండు మారులు వచ్చును. ప్రసార భారతివారి పాత నిధులనుండి ఈ భాగములు యూట్యూబులో ఉచితముగానే లభించుచున్నవి.

అంత బరువు వలదనువారికి 'మాల్గుడి డేస్' ఉండనే ఉన్నది. ఇదియు హిందీయే. కర్ణాటకములోని ఆగుంబె గ్రామమును మాల్గుడిగా మార్చి శంకర్ నాగ్ తీసినారు. ఎల్. వైద్యనాథన్ కూర్చిన ఆ స్వరము వినగానే నలువది దాటినవారు ఏ గదిలో ఉన్నను ముందుగదిలోనికి వత్తురు. 1990 లో ముప్పది ఆరవ ఏటనే శంకర్ నాగ్ మరణించినారు. 2006 లో కవితా లంకేశ్ మరి 15 భాగములు తీసినారు. అవి వేరు రుచి. మొదటి 39 లోను చాలవరకు ఏ కథకు ఆ కథయే. ఒక్కొక్కటి ఇరువది నిమిషములకు కొంచెము పైన. స్వామి అను బడి పిల్లవాని కథ మాత్రము వరుసగా కొన్ని భాగములు సాగును. మాస్టర్ మంజునాథ్ ఆ వేషము వేసినాడు. పిల్లలకు ఆ స్వామి కథతో మొదలుపెట్టుడు. మిగిలినవి వారే అడిగి పెట్టించుకొందురు.